మార్చి 31కి మురిగిపోయే మన వాటా

ఫిబ్రవరి నెలాఖరున ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఏదైనా ప్రభుత్వాఫీసు మెట్లెక్కి చూడండి. ఏడాదంతా తిరిగినా దొరకని గుమాస్తా ఆ రోజుల్లో సీట్లోనే వుంటాడు, కానీ తలెత్తడు. బిల్లులు, ట్రెజరీ, సరెండరు లెక్కలు. మార్చి 31 రాత్రి దాకా అదే వరస. బడ్జెట్ అంటే మనవాళ్లకి ఆర్థికమంత్రి చదివే ప్రసంగం, మర్నాడు పేపర్లో వచ్చే కోట్ల లెక్క. దళితులకి ఇన్ని వేల కోట్లని ఒకరు సంతోషిస్తారు, చాలదని ఇంకొకరు విమర్శిస్తారు. ఇద్దరూ వాదించేది ఏడాది మొదట రాసిన అంకె గురించే. ఆ అంకె ఏడాది మధ్యలో ఏమవుతుందో పట్టించుకునేవాళ్లు తక్కువ. మేమూ పరిశోధనలోకి వచ్చాకే ఈ లెక్క నేర్చుకున్నాం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం, పద్దు అంటే అప్పటిదాకా మాకు తెలిసింది కిరాణా కొట్టు పద్దే.

రాజ్యాంగం 203, 204 అధికరణాల ప్రకారం శాసనసభ డిమాండ్లని ఆమోదించి ద్రవ్య వినిమయ చట్టం చేస్తుంది. ఆ చట్టం ఏ శాఖకీ డబ్బు చేతిలో పెట్టదు. ఈ పద్దు కింద ఇంతకు మించి ఖర్చు చెయ్యకూడదు అని హద్దు గీస్తుంది, అదీ ఆ ఒక్క ఆర్థిక సంవత్సరానికే. డబ్బు కదలాలంటే ఆర్థికశాఖ బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. ఆఫీసుల్లో బి.ఆర్.ఓ. అనేది దీన్నే. అది విడతలు విడతలుగా వస్తుంది, ఒక్కోసారి రాదు. వచ్చినా ట్రెజరీ మీద ఆంక్షలుంటే బిల్లు అక్కడే ఆగుతుంది.

ఇక హద్దుని మధ్యలో మార్చే దారులు. రాసింది చాలకపోతే 205వ అధికరణం కింద అనుబంధ పద్దుతో మళ్లీ సభ ముందుకు వెళ్లాలి. ఒకే గ్రాంటులో ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకి మార్చుకోవటానికైతే సభ అక్కర్లేదు, ఆర్థికశాఖ అనుమతి చాలు. దీన్ని రీ-అప్రాప్రియేషన్ అంటారు. ఒక గ్రాంటు నుంచి మరో గ్రాంటుకి, రెవెన్యూ నుంచి కేపిటల్‌కి ఇలా మార్చటానికి వీల్లేదు. మిగిలిపోతుందనుకున్నది శాఖే ఆర్థికశాఖకి తిరిగి అప్పజెబితే సరెండర్. మొదటిది సభలో, నలుగురి కళ్ల ముందు జరుగుతుంది. మిగతా రెండూ ఫైళ్లలో జరుగుతాయి. మన వాటా తరిగేది ఎక్కువగా ఫైళ్లలోనే.

దళితవాడ రోడ్లకి వంద రూపాయలు రాశారనుకుందాం. మొదటి ఆరు నెలల్లో ముప్ఫై విడుదలయింది. పాత బిల్లులే రాలేదని కాంట్రాక్టరు కొత్త పని ముట్టుకోడు, ఆ ముప్ఫైలో పదిహేనే ఖర్చవుతుంది. డిసెంబరు వచ్చేసరికి సవరించిన అంచనాల కోసం పైనుంచి అడుగుతారు: ఇప్పటిదాకా ఎంత ఖర్చు పెట్టారు, మార్చిలోగా ఎంత పెట్టగలరు? పదిహేనే పెట్టినవాళ్లకి వంద ఎందుకని సవరించిన అంచనా నలభై అవుతుంది. మిగతా అరవై మరో పద్దుకి పోతుంది, లేదా సరెండరవుతుంది. విడుదల చెయ్యనిదీ వాళ్లే, ఖర్చు కాలేదని కోసేదీ వాళ్లే. మరుసటి ఏడాది అంచనా వేసేటప్పుడు ఎదురుగా కనిపించేది ఆ నలభయ్యే. చివరికి కాగితం మీద మిగిలేది ‘శాఖ సమర్థంగా ఖర్చు చెయ్యలేకపోయింది’ అన్న మాట. ఇంకొంచెం ముందుకెళితే ‘వాళ్లకిచ్చినా వాడుకోలేరు’ అనే మాట కూడా వినపడుతుంది. ఈ మాట మనం ఎక్కడెక్కడ విన్నామో చెప్పక్కర్లేదు.

మాలో కొందరం సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పెరిగినవాళ్లం. మెస్ బిల్లు రాని నెలల్లో వార్డెను గారు కొట్లో అప్పు పెట్టేవారు. అప్పు ముదిరితే కొట్టువాడు పప్పు తగ్గించేవాడు, మా పళ్లెంలో పులుసు పలచబడేది. మార్చిలో ఒక్కసారి దుప్పట్లు, ట్రంకుపెట్టెలు దిగేవి, ఎండాకాలం సెలవులకి రెండు వారాల ముందు. ఎందుకలా అని అప్పుడు అర్థం కాలేదు. ఆ దుప్పట్లు మా చలి చూసి కాదు, క్యాలెండరు చూసి వచ్చాయి.

ఉపకార వేతనాల సంగతి ఇంతకన్నా చిక్కు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఖర్చుని కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున భరించాలని నిర్ణయించింది. రాష్ట్రం తన వాటా విడుదల చేశాకనే కేంద్రం వాటా విద్యార్థి ఖాతాలో పడాలి. అంటే రాష్ట్రం ఏడాది మధ్యలో ఆ నలభైని ఆపితే ఆగేది నలభై కాదు, వంద. తాడేపల్లిగూడెంలో ఫీజు కట్టలేక హాల్ టికెట్టు కోసం నిలబడ్డ పిల్లకి ఈ అరవై, నలభై గొడవ ఎవరూ చెప్పరు. ప్రిన్సిపాలు గారిని తిట్టుకుని ఇంటికి వెళ్తుంది.

మన ప్రాంతానికి ఇంకో ఇబ్బంది వుంది. కొల్లేటికి తన లెక్క తనకుంది. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసే నీళ్లన్నీ ఉప్పుటేరు గుండానే సముద్రంలోకి పోవాలి. నీళ్లు తీసేదాకా లంక గ్రామాల్లో మట్టిపని సాగదు. నేల ఆరి, రోడ్డుకీ డ్రెయినుకీ పార పట్టగలిగేది ఎండలు ముదిరాక, మే నెల దాకా. సర్కారు సంవత్సరం మాత్రం ఆ పనిరోజుల నడుమ మార్చి 31న తెగిపోతుంది. జనవరి, ఫిబ్రవరుల్లో విడుదలైన సొమ్ముకి మెరకన వున్న వూళ్లో పని జరుగుతుంది, పల్లంలో వున్న పేటకి జరగదు. పేట ఎందుకు పల్లంలో వుందో వేరే చరిత్ర.

ఇటీవలి సంవత్సరాలు చూడండి. 2022 ఏప్రిల్ 4న, ఆర్థిక సంవత్సరం మొదలైన నాలుగో రోజున, పాత పశ్చిమ గోదావరి జిల్లా విడిపోయింది. కైకలూరు వైపు కొల్లేరు గ్రామాలు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం వాళ్లకి జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. ఎవరి బిల్లు ఏ జిల్లాదో తేల్చుకోవటమే ఒక పనయింది. 2024-25లో ఎన్నికల ముందు నాలుగు నెలలకి ఓటాన్ అకౌంట్ తీసుకున్నారు, ఆగస్టు నుంచి మరో నాలుగు నెలలకి ఆర్డినెన్సు తెచ్చారు. పూర్తి బడ్జెట్ సభలో పెట్టింది నవంబరు 11న. సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు పల్లెలు మునిగేనాటికి పూర్తి బడ్జెట్టే లేదు. హద్దు తెలిసేనాటికి ఏడాదిలో మిగిలింది ఐదు నెలలకి తక్కువ.

దీనికి చట్టం లేదా అంటే వుంది. 1970ల చివర స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ వచ్చింది. ఈ నిధులు మళ్లించకూడదు, మురిగిపోకూడదు అని 2005లో ప్రణాళికా సంఘం మార్గదర్శకాలిచ్చింది. దళిత సంఘాల పోరాటంతో ఉమ్మడి రాష్ట్రంలో 2013 సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. దాని పదేళ్ల గడువుని 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మరో పదేళ్లు పొడిగించింది. అయితే మురిగిపోకూడదన్నది మార్గదర్శకం, మురిగిపోయేట్టు చేసేది ద్రవ్య వినిమయ చట్టం. రెండూ ఎదురుపడితే ట్రెజరీ దేని మాట వింటుందో చెప్పక్కర్లేదు. 2017లో తెలంగాణ తన చట్టాన్ని తిరగరాసినప్పుడు, ఖర్చుకాని వాటాని మరుసటి ఏడాది భర్తీ చెయ్యాలని రాసుకుంది. అదీ పూర్తిగా కాదు, మొత్తం బడ్జెట్‌లో నిజంగా ఖర్చయిన నిష్పత్తి మేరకే. 2013 చట్టంలో ఆ మాత్రం మాటయినా లేదు. కర్ణాటకలో సాధారణ పనుల ఖర్చుని కూడా దళితుల ఖర్చుగా భావించే 7(డి) సెక్షన్ని తీసెయ్యటానికి 2023 దాకా పట్టింది.

ఇదంతా ఎక్కడ కనిపిస్తుంది? కాగ్ ఏటా తయారుచేసి సభ ముందు పెట్టే వినియోగ లెక్కల పుస్తకంలో. లావుగా, విసుగ్గా వుంటుంది, అయినా చదవండి. మన పద్దు గుర్తు 789, షెడ్యూల్డ్ కులాల కాంపోనెంట్‌ది. గిరిజనులది 796. పద్దు కింద మూడు అక్షరాలుంటాయి. ఓ అంటే మొదట రాసింది, ఎస్ అంటే అనుబంధంగా కలిపింది, ఆర్ అంటే మార్పులూ సరెండర్లూ. 789 కింద ఆర్ పక్కన మైనస్ గుర్తు ఎన్నిచోట్ల వుందో లెక్కపెట్టండి. మధ్యలో ఎస్ కలిపి, చివర అంతకంటే ఎక్కువ ఆర్‌లో తీసేసినవి కూడా తగుల్తాయి. కింద కాగ్ వివరణ వుంటుంది. తగ్గించటానికి కారణాలు శాఖ తెలియజెయ్యలేదని చాలాచోట్ల రాసి వుంటుంది.

అయితే ఈ పుస్తకం మన చేతికొచ్చేసరికి ఆ సంవత్సరం ఎప్పుడో ముగిసిపోయి వుంటుంది. పనికొచ్చే సమయం డిసెంబరు, జనవరి. ఆ నెలల్లో సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఆఫీసుని అడగాల్సినవి మూడే కాగితాలు: ఈ ఏడాది 789 పద్దుకి వచ్చిన విడుదల ఉత్తర్వులు, సవరించిన అంచనాకి పైకి పంపిన లెక్క, సరెండరు ప్రతిపాదన వుంటే దాని నకలు. జవాబుకి ముప్ఫై రోజులు గడువు. డిసెంబరు మొదటివారంలో దరఖాస్తు పడితే జనవరి తొలివారానికి కాగితం చేతిలో వుంటుంది, మార్చికి ఇంకా రెండు నెలలుంటుంది.