బడి విహారం, అడవి చట్టం: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

శీతాకాలం రాగానే నాందేడ్ ఉన్నత పాఠశాలల విద్యార్థులు ఇంటికి ఒక కాగితం తీసుకువస్తారు. మరాఠీలో దానిని ‘సమ్మతీపత్ర’ అంటారు. ‘సహల్’కు, అనగా బడి విహారయాత్రకు, బిడ్డను పంపడానికి తల్లిదండ్రులు ఇచ్చే అంగీకారం అది. యాత్ర సహస్రకుండ్ జలపాతానికి కావచ్చు, గోదావరిపై విష్ణుపురి జలాశయ తీరానికి కావచ్చు, కిన్వట్ వైపు అడవులకు కావచ్చు. ఆ కాగితంపై సంతకం చేసేవారిలో ఆదిలాబాద్, నిజామాబాద్ పల్లెల నుండి వచ్చి స్థిరపడిన తెలుగువారూ ఉన్నారు. గులేరుతో పిట్టను కొట్టడం, గూటిలోని గుడ్లు తీయడం, చేను గట్టున కుందేలుకు ఉచ్చు వేయడం పల్లెలలో ఒకప్పుడు పిల్లల ఆటలు. ఆ ఆటలన్నింటినీ నేటి చట్టం ‘వేట’ అనే పరిగణిస్తుంది. ఈ సంగతి యాత్రకు ముందే ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

వేటపై నిషేధం ఎలా వచ్చింది

కొన్ని దేశాలలో వేట లైసెన్సుతో సాగుతుంది. అమెరికాలో వేట లైసెన్సు కోరేవారికి తుపాకి భద్రత, జంతువుల గుర్తింపు, వేట నియమాలపై శిక్షణ ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రం 1949లోనే దానిని తప్పనిసరి చేసింది. అక్కడి కొన్ని ఉన్నత పాఠశాలలలో కూడా ఈ పాఠం చెబుతారు.

భారతదేశం వేరొక మార్గం ఎంచుకుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కొన్ని జంతువుల వేటకు లైసెన్సు పొందే వీలు మొదట్లో ఆ చట్టంలోనే ఉండేది. 1991 సవరణతో ఆ వీలు తొలగిపోయింది. కనుక ఇక్కడి విద్యార్థికి అడవి గురించి చెప్పవలసిన మొదటి పాఠం వేట ఎందుకు చేయరాదన్నదే.

చట్టం దృష్టిలో వేట

తుపాకి పేలితేనే వేట అని చాలామంది భావిస్తారు. చట్టంలోని నిర్వచనం అంతకంటే విశాలమైనది. అడవి జంతువును చంపడం, గాయపరచడం, పట్టుకోవడం, విషం పెట్టడం, ఉచ్చు లేదా వల పన్నడం, తరమడం ఇవన్నీ వేటయే. ఆ ప్రయత్నం విఫలమైనా వేటగానే లెక్కిస్తారు. పక్షుల, సరీసృపాల గుడ్లను పగులగొట్టడం, తీసుకోవడం, గూళ్లను కదిలించడం కూడా ఇందులోకి వస్తాయి. రామచిలుకను పట్టి పంజరంలో పెంచడం నేరం. సంతలో కొన్నా నేరమే. కుందేలు, కౌజు పిట్ట, అడవి పంది కూడా చట్ట రక్షణలో ఉన్నవే.

సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. నెమలి, కృష్ణజింక, పులి వంటి మొదటి షెడ్యూలు ప్రాణుల విషయంలోను, అభయారణ్యంలో జరిగిన వేట విషయంలోను మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల కేసు బాలల న్యాయ మండలి ముందుకు వెళుతుంది. పిల్లవాని చేతికి ఉచ్చు ఇచ్చిన పెద్దవారికి మాత్రం ఆ వెసులుబాటు ఉండదు.

ప్రాణరక్షణకు చట్టం మినహాయింపు ఇచ్చింది. తనను గాని ఇతరులను గాని కాపాడుకోవడానికి సద్బుద్ధితో జంతువును గాయపరచినా, చంపినా నేరం కాదు. అయితే ఆ జంతువు కళేబరం ప్రభుత్వ ఆస్తి అవుతుంది. మాంసాన్ని ఇంటికి తీసుకుపోరాదు. పంటను అడవి పందులు పాడుచేస్తే అటవీ శాఖకు దరఖాస్తు చేసి పరిహారం కోరే మార్గం మహారాష్ట్రలో ఉంది. పొలం చుట్టూ కరెంటు తీగ పరచడం మాత్రం ఎన్నడూ చేయరాదు. ఆ తీగకు పందితో పాటు రాత్రివేళ దారిన పోయే మనిషి కూడా బలి కావచ్చు. సెలవులకు పల్లెకు వెళ్లే పిల్లలకు ఈ ప్రమాదాన్ని ప్రత్యేకంగా చెప్పి పంపాలి.

పాఠశాలలలో లభించే శిక్షణ

అడవిలో మెలగడం నేర్పే కార్యక్రమాలు బడిలోనే ఉన్నాయి. 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ గుడారం వేయడం, దిక్కులు గుర్తించడం, ముడులు వేయడం, ప్రథమ చికిత్స నేర్పుతుంది. జంతువులకు మిత్రుడై ప్రకృతిని ప్రేమించడం స్కౌటు నియమాలలో ఒకటి. 1948 చట్టంతో ఏర్పడిన ఎన్‌సీసీలో ఉన్నత పాఠశాల విద్యార్థులకు జూనియర్ విభాగం ఉంది. అందులో తుపాకి గురి నేర్పేది అధికారుల పర్యవేక్షణలో, గురిపలకపై మాత్రమే. పర్యావరణ సంఘాలను మరాఠీలో ‘రాష్ట్రీయ హరిత్ సేనా’ అంటారు. పక్షులను గుర్తించడం, మొక్కలు నాటడం వాటి పనులు. బిడ్డ చదివే బడిలో వీటిలో ఏది ఉందో తరగతి ఉపాధ్యాయుని అడిగి తెలుసుకోవచ్చు.

నాందేడ్ పొరుగున ఉన్న అడవి

పైన్‌గంగా అభయారణ్యం నాందేడ్, యవత్మాళ్ జిల్లాలలో విస్తరించి ఉంది. ఈ ప్రాంతపు అడవులు తెలంగాణ అడవులతో కలిసి ఉన్నాయి. 2019లో టిపేశ్వర్ అభయారణ్యంలో రేడియో కాలర్ తొడిగిన ఒక మగ పులి ఈ వైపు అడవులు, చేల మీదుగా మహారాష్ట్ర, తెలంగాణల నడుమ దాదాపు 1,300 కిలోమీటర్లు తిరిగి బుల్ఢాణా జిల్లాలోని జ్ఞానగంగా అభయారణ్యానికి చేరింది. అంత దూరపు నడకలో దాని దారిలో ఒక్క ఉచ్చు, ఒక్క కరెంటు తీగ ఉన్నా ప్రాణం పోయేది. కుందేలు కోసం వేసిన ఉచ్చు కుందేలునే ఎంచి పట్టదు.

యాత్రకు ముందు, యాత్రలో

సమ్మతీపత్రంపై సంతకం చేసే ముందు యాత్రాస్థలం, వెంట వెళ్లే ఉపాధ్యాయుల సంఖ్య, ప్రథమ చికిత్స ఏర్పాటు అడిగి తెలుసుకోవాలి. కాగితం మరాఠీలో అర్థం కాకపోతే బిడ్డ చేతనే చదివించుకోవచ్చు. సంచిలో గులేరు లేకుండా చూడాలి. అభయారణ్యంలో బాట విడిచి వెళ్లరాదు, నిప్పు రాజేయరాదు, కోతులకు, పక్షులకు తిండి పెట్టరాదు, ఈకలు, గుడ్లు, కొమ్ములు ఏరి తేరాదు. సహస్రకుండ్ వద్ద తడి రాళ్లపై, నీటి అంచున నిలబడరాదు. పాము కరిస్తే మంత్రాలకు, గాటు పెట్టడానికి పోకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి.

గాయపడిన అడవి జంతువు కనబడినా, ఎక్కడైనా ఉచ్చు కనిపించినా తాకకుండా ఉపాధ్యాయునికి చెప్పాలి. మహారాష్ట్ర అటవీ శాఖ సహాయ నంబరు 1926. సమ్మతీపత్రంతో పాటు ఈ నంబరును కూడా బిడ్డ నోటుపుస్తకంలో రాయించి ఉంచడం మంచిది.