హారర్ చిత్రానికి ప్రేక్షకుడెవరు?

ఒక పాత బంగళా, నలుగురు నటులు ఉంటే చాలు, హారర్ చిత్రం పూర్తవుతుందన్న నమ్మకంతో చిత్రరంగంలోకి అడుగిడే కొత్త నిర్మాతలు ఎందరో ఉన్నారు. అగ్రతారలు లేనందున వ్యయం తక్కువే కావచ్చు. అయితే చిత్రం ఎవరి కోసమో తేల్చుకోకుండా ‘అందరికీ నచ్చుతుంది’ అంటూ ప్రచారానికి దిగితే ఆ కొద్దిపాటి పెట్టుబడి కూడా తిరిగిరాదు. అప్పు తెచ్చి తీసిన చిత్రమైతే ఆ భారం ఏళ్ల తరబడి వెంటాడుతుంది. డబ్బిచ్చి భయపడదలచినవారు కొందరే. వారెవరు, వారు ఏ తరహా భయాన్ని కోరుతున్నారన్నది కథాదశలోనే నిర్ణయించుకోవాలి.

మూడు వర్గాలు

తెలుగులో ఆదరణ పొందిన చిత్రాలను పరిశీలిస్తే ప్రధానంగా మూడు వర్గాల ప్రేక్షకులు కనిపిస్తారు. మొదటిది కుటుంబ ప్రేక్షకులు. 2009లో విడుదలైన ‘అరుంధతి’లో ప్రేతాత్మ ఉన్నప్పటికీ కథకు కేంద్రం ఒక స్త్రీ తెగువ, వంశ గౌరవం. 1995లో ‘అమ్మోరు’ను అందించిన దర్శకుడు కోడి రామకృష్ణ, నిర్మాత ఎం.శ్యామ్‌ప్రసాద్‌రెడ్డి కలయికలోనే ఇదీ రూపొందింది. చెడుపై దైవశక్తి లేదా స్త్రీశక్తి గెలుస్తుందన్న భరోసా ఉంటే ఈ వర్గం భయాన్ని భరిస్తుంది.

రెండోది మిత్రబృందంతో కలిసి వచ్చే యువత. వీరికి భయం వెంటనే నవ్వు కావాలి. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014), ‘ఆనందో బ్రహ్మ’ (2017) ఈ కోవలోనివి. మూడోది నికార్సయిన భయాన్నే కోరే వర్గం. రామ్‌గోపాల్‌వర్మ ‘రాత్రి’ (1992), రవిబాబు ‘అవును’ (2012), ఇటీవలి ‘మసూద’ (2022) వంటివి వీరి కోసమే. వీరి సంఖ్య తక్కువైనా తారలెవరన్నది పట్టించుకోకుండా వస్తారు.

ఒక వర్గానికి తీసిన చిత్రాన్ని మరో వర్గానికి అమ్మజూడటం వల్లనే నష్టం వాటిల్లుతుంది. హాస్యనటుని బొమ్మతో గోడపత్రికలు వేసి లోపల రక్తపాతం చూపితే పిల్లలతో వచ్చిన కుటుంబం విశ్రాంతి సమయానికే లేచిపోతుంది. భయాన్ని కోరేవాడు ఆ పత్రిక చూసి అసలు రాడు. ఇద్దరూ దూరమవుతారు.

సెన్సార్ పత్రంతోనే లెక్క

‘ఏ’ ధ్రువపత్రం లభిస్తే 18 ఏళ్లలోపు వారికి ప్రవేశం ఉండదు. అంటే ఇంటర్ విద్యార్థుల్లో అత్యధికులను వదులుకున్నట్లే. అంతేగాక ఆ చిత్రాన్ని యథాతథంగా టీవీలో ప్రసారం చేయరాదు. కోతలు విధించి మరోసారి పత్రం పొందాల్సి ఉంటుంది. శాటిలైట్ హక్కులపై ఆశ పెట్టుకున్న నిర్మాత దీన్ని ముందే లెక్కించుకోవాలి. 2024లో వచ్చిన నిబంధనలు ‘యూఏ’ను 7, 13, 16 ఏళ్ల శ్రేణులుగా విభజించాయి. ఇవి నిషేధాలు కావు, తల్లిదండ్రులకు సూచనలు మాత్రమే. ఏ శ్రేణికి తగినట్లు దృశ్యాలు ఉండాలన్నది చిత్రీకరణకు ముందే నిర్ణయించుకోవడం మేలు. ‘ఏ’ పత్రం పొందినంత మాత్రాన పరాజయం తప్పదనుకోనక్కర్లేదు. 2023లో ‘విరూపాక్ష’ ఆ పత్రంతోనే విడుదలై విజయం సాధించింది.

దెయ్యాన్ని కాదు, ప్రేక్షకుణ్ని చూపారు

ప్రచార చిత్రంలోనే దెయ్యాన్ని చూపితే థియేటర్లో చూడటానికి ఏమీ మిగలదు. అమెరికాలో సుమారు 15 వేల డాలర్లతో 2007లో రూపొందిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ని పారామౌంట్ సంస్థ 2009లో విడుదల చేసింది. ప్రచార చిత్రంలో చీకటి థియేటర్లో ఉలిక్కిపడుతున్న ప్రేక్షకుల ముఖాలనే ఎక్కువగా చూపింది. తొలుత కళాశాలలున్న పట్టణాల్లో అర్ధరాత్రి ఆటలు వేసింది. తమ ఊరిలోనూ వేయాలని ప్రేక్షకులు అంతర్జాలంలో కోరే ఏర్పాటు చేసింది. వినతులు 10 లక్షలకు చేరాక దేశమంతటా విడుదల చేసింది. తన ప్రేక్షకుడు విద్యార్థి అని సంస్థ ముందే గుర్తించడం ఇక్కడ గమనార్హం.

మన జిల్లాల్లోనూ ఈ పద్ధతి సాధ్యమే. ఒకేసారి వందల థియేటర్లకు అద్దె చెల్లించే బదులు ఇంజినీరింగ్ కళాశాలలున్న పట్టణాల్లో రెండో ఆటతో ఆరంభించి, స్పందనను బట్టి కేంద్రాలు పెంచుకోవచ్చు. ప్రేక్షకులను ముందుగా ఇంటివద్దే సంపాదించుకునే మార్గమూ ఉంది. ‘మా ఊరి పొలిమేర’ 2021లో ఓటీటీలో విడుదలైంది. అక్కడ చూసి మిగతా కథ కోసం ఎదురుచూసినవారే 2023లో థియేటర్లకు వచ్చిన రెండో భాగానికి సిద్ధంగా ఉన్న ప్రేక్షకులయ్యారు.

హద్దు దాటరాదు

ప్రచారానికి సొమ్ము లేనప్పుడు పుకార్లపై ఆధారపడాలన్న ఆలోచన కలగడం సహజం. ‘ఫలానా ఊళ్లో చేతబడి జరిగింది’ అంటూ నిజమైన వార్తలా ప్రచారం చేయడం మాత్రం ప్రమాదకరం. చేతబడి అనుమానంతో ఒంటరి మహిళలు, వృద్ధులపై దాడులు జరిగిన ఉదంతాలు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నాయి. ఒక చిత్రం టికెట్ల కోసం ఏ గ్రామంలోనైనా అటువంటి అనుమానాన్ని రేపడం క్షమార్హం కాదు. కల్పిత కథను కల్పితమనే చెబుతూ ఆసక్తి కలిగించవచ్చు.

విడుదలకు ముందు చిత్రాన్ని పరిచయం లేని యువకులకు కొందరికి, కుటుంబాలకు కొన్నింటికి వేర్వేరుగా చూపడం ఖర్చులేని పరీక్ష. భయపడాల్సిన చోట ఎవరు నవ్వారు, ఎవరు మధ్యలో సెల్‌ఫోన్ తీశారు, ఎవరు కదలకుండా చూశారు అన్నది గమనించాలి. కదలకుండా చూసినవారు ఎవరో తెలిశాక గోడపత్రిక, ప్రచార చిత్రం, ఆటల వేళలు వారికి తగినట్లు నిర్ణయించుకోవాలి.