మన ల్యాబు కంప్యూటర్లకు తలా ఒక పేరు ఎందుకు?



మన ల్యాబులో నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి కదా. అన్నిట్లోనూ లైనక్సే. నాలుగింటి పేరూ "ఉబుంటు"యే! ఎక్కించినవాళ్ళు అట్లానే వదిలేసి పోయారు. దసరా సెలవుల తర్వాత టెన్త్ అక్కల స్కాలర్‌షిప్ కాగితాలు ఆఫీసు గదిలోంచి తెరవబోతే రాలేదు. గోడ మీద రాసిపెట్టిన నంబర్లు ఒక్కటీ పనిచెయ్యలేదు. ఆఖరు తేదీ ఆ రోజే. అక్కలు ఏడుపు ఒక్కటే తక్కువ. ఒక్కోటీ తెరిచి వెతికితే సాయంత్రానికి దొరికాయి. ఎందుకిట్లా అయిందో సార్‌ని అడిగి రాస్తున్నాను.

నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకూ 192.168.1.14 లాంటి నంబరు ఒకటి ఉండాలి. అది రౌటర్ డబ్బా ఇస్తుంది. ఈ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ, 1993లో వచ్చింది. ఆ నంబరు సొంతం కాదు, కౌలుకి ఇచ్చినట్టే. గడువు సగం అయ్యాక కంప్యూటరు మళ్ళీ అడిగి పొడిగించుకుంటుంది. సెలవుల్లో ఆపేస్తే అడిగేదెవరు? కౌలు తీరిపోతుంది. ఈలోగా ఎవరి ఫోనో వస్తే ఆ నంబరు దానికి పోవచ్చు.

అందుకే పేరుతో పిలవాలి. మా యాడీ, బా మిరపకోతలకు పోతే ఏ వారం ఏ ఊరి చేలో ఉంటారో నాకు తెలీదు. మేస్త్రి పేరు చెప్తే ఎవరో ఒకరు చూపిస్తారు. మరి ఒకే పేరుతో ఇద్దరు మేస్త్రులుంటే? మన కంప్యూటర్లకు అదే జరిగింది. ముందు లేచింది "ఉబుంటు", తర్వాతది "ఉబుంటు-2" అయిపోతాయి. రేపు ఇంకోటి ముందు లేస్తే తారుమారు.

మార్చడం కష్టం కాదు. టెర్మినల్ తెరిచి "సుడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్ మిర్చి" అని ఇంగ్లీషులో కొట్టాలి (స్పెల్లింగు సార్ బోర్డు మీద రాశారు). తర్వాత ఈటీసీ ఫోల్డర్లో హోస్ట్స్ అనే ఫైలు తెరిచి, 127.0.1.1 ఉన్న వరుసలో పాత పేరు తీసి కొత్తది పెట్టాలి. ఇది వదిలేస్తే సుడో కొట్టినప్పుడల్లా ఈ పేరు ఎవరిదో తెలీదని గొణుగుతుంది. ఆపి మళ్ళీ వేస్తే, నంబరు అడిగేటప్పుడే తన కొత్త పేరు కూడా రౌటరుకు చెప్పుకుంటుంది. ఇంకో కంప్యూటరు నుంచి "పింగ్ మిర్చి.లోకల్" కొట్టి చూడండి, పలుకుతుంది.

పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత, అంతే. ఖాళీ ఉండకూడదు. తెలుగు అక్షరాలు చెల్లవు. ఇది నాకు నచ్చలేదు.

పూర్వం అమెరికాలో ఈ పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ, ఆవిడ దగ్గర పనిచేసేవాళ్ళు ఆ జాబితా చూసుకునేవాళ్ళు. మన వార్డెన్ మేడమ్ గారి రిజిస్టరు లాగే! కంప్యూటర్లు పెరిగి అది మోయలేక 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ తయారుచేశారు.

మనవాటికి మిర్చి, పత్తి, కంది అనుకున్నాం. నాలుగోదానికి సెవెంత్ వాళ్ళు పెడతామన్నారు. మేడమ్ గారు ఒప్పుకుంటే ఆదివారం సార్ ఉన్నప్పుడు మారుస్తాం. ఏ కంప్యూటర్లో ఏ కాగితాలున్నాయో పేర్లతో రాసి తలుపుకి అంటిస్తాం. నంబర్లు రాయం.