జీపీఎస్ ఫోనుతో ఒమన్ రోడ్ల మీద: డ్రైవర్లు తెలుసుకోవలసిన విషయాలు



కంపెనీ పికప్, వాటర్ ట్యాంకర్, లేబర్ బస్సు, యజమాని కారు నడిపే తెలుగువారు ఒమన్‌లో చాలామంది ఉన్నారు. ఒకప్పుడు గార్మిన్, టామ్‌టామ్ లాంటి చిన్న పరికరాలు చేసిన పని ఇప్పుడు మీ జేబులోని ఫోనే చేస్తుంది. దాన్ని ఎలా వాడాలో, ఎంతవరకు నమ్మాలో ఈ పేజీలో చెబుతున్నాం.

2024 ఆగస్టులో సౌదీ అరేబియాలోని రబ్ అల్ ఖాలీ ఎడారిలో తెలంగాణ యువకుడు ఒకరు, తోటి సూడాన్ కార్మికుడు దారి తప్పి చనిపోయారు. జీపీఎస్ పనిచేయలేదని, పెట్రోలు అయిపోయిందని, ఫోను బ్యాటరీ కూడా అయిపోయి ఎవరినీ పిలవలేకపోయారని అప్పట్లో వార్తలు వచ్చాయి. అదే ఎడారి ఒమన్ పడమటి భాగంలోకి కూడా ఉంది. అందుకే ఈ విషయం చిన్నది కాదు.

జీపీఎస్ ఎలా పనిచేస్తుంది?

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ అందితే మీరు ఎక్కడున్నారో ఫోను లెక్క కడుతుంది. దీనికి సిమ్ కార్డు గాని, బ్యాలెన్సు గాని అక్కరలేదు. ఆకాశం కనబడితే చాలు. అయితే మ్యాపు బొమ్మ మాత్రం ఇంటర్నెట్ ద్వారా వస్తుంది. నెట్‌వర్క్ పోతే నీలం చుక్క కనబడుతుంది గాని, దాని చుట్టూ రోడ్లు కనబడవు. చాలామంది "జీపీఎస్ పోయింది" అనేది దీన్నే.

బయలుదేరే ముందు

1. క్యాంపులో వైఫై ఉన్నప్పుడే మీరు వెళ్ళే ప్రాంతం మ్యాపును ఫోనులోకి దింపుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే "ఆఫ్‌లైన్ మ్యాప్స్" అని ఉంటుంది. అలా దింపిన మ్యాపుకు గడువు ఉంటుంది, అప్పుడప్పుడు అప్‌డేట్ చేయాలి.
2. కారు ఛార్జరు, పవర్ బ్యాంకు వెంట ఉంచుకోండి.
3. ఎటు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు చేరాలో క్యాంపులో ఒకరికి చెప్పి వెళ్ళండి. చేరకపోతే వెతికేది వాళ్ళే.
4. దారి ముందుగానే పెట్టుకుని, ఫోనును స్టాండులో బిగించండి. నడుపుతూ ఫోను చేత్తో పట్టుకోవడం ఒమన్‌లో నేరం. జరిమానాతో పాటు లైసెన్సు మీద బ్లాక్ పాయింట్లు పడతాయి.

మ్యాపు చెప్పిందల్లా నిజం కాదు

మస్కట్ నుంచి సలాలా సుమారు 1,000 కిలోమీటర్లు. ఆదమ్ దాటాక హైమా, తుమ్రైత్ మీదుగా వందల కిలోమీటర్లు ఎడారే. పెట్రోలు బంకు కనబడినప్పుడే ట్యాంకు నింపుకోండి. "ముందు ఇంకోటి ఉంటుందిలే" అనుకోవద్దు. ఫహూద్, మర్మూల్ లాంటి ఆయిల్ ప్రాంతాల్లో లారీల చక్రాల జాడలు కూడా మ్యాపులో దారిలాగే కనబడవచ్చు. దగ్గరి దారి అని వాటిలోకి దిగితే బండి ఇసుకలో కూరుకుపోతుంది. చుట్టు అయినా తారు రోడ్డే మంచిది.

జబల్ అఖ్దర్‌కు రోడ్డు ఉందని మ్యాపు చూపిస్తుంది. కాని బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండినే పైకి పంపుతారు. మామూలు కారును వెనక్కి తిప్పేస్తారు.

అన్నిటికన్నా ప్రమాదం వాదీలు. ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వరద వస్తుంది. 2024 ఏప్రిల్‌లో సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లలున్న వాహనం వాదీలో కొట్టుకుపోయి పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. నీళ్ళు వచ్చాయని మ్యాపుకు తెలియదు. "నేరుగా వెళ్ళండి" అనే చెబుతుంది. పారుతున్న వాదీని కావాలని దాటడం చట్టప్రకారం నేరం కూడా. యజమాని, ఫోర్‌మన్ తొందరపెట్టినా ఆగండి. నీళ్ళు తగ్గాకే దాటండి.

దారి తప్పితే

ముందు బండి ఆపండి. తిరిగే కొద్దీ పెట్రోలు పోతుంది. బండిని వదిలి నడవకండి. ఎడారిలో మనిషికన్నా బండి త్వరగా కంటపడుతుంది. బానెట్ ఎత్తి పెట్టి, బండి నీడలో కూర్చోండి. మనిషికి కనీసం 5 లీటర్ల నీళ్ళు బండిలో ఎప్పుడూ ఉండాలి.

తర్వాత 9999కు ఫోను చేయండి. ఇది రాయల్ ఒమన్ పోలీసు అత్యవసర నంబరు. స్థలం పేరు తెలియకపోతే అంకెలు చెప్పండి. మ్యాపులో మీరున్న చోట వేలు నొక్కి పట్టుకుంటే రెండు సంఖ్యలు వస్తాయి. ఉదాహరణకు హైమా దగ్గర 19.96, 56.28 అని ఉంటుంది. ఒమన్‌లో మొదటి సంఖ్య 16 నుంచి 27 మధ్య, రెండోది 51 నుంచి 60 మధ్య ఉంటుంది. మీది అలా లేకపోతే మళ్ళీ చూడండి. వరుస మార్చకుండా ఒక్కొక్క అంకె చెప్పండి. సిగ్నల్ తక్కువగా ఉంటే అవే అంకెలు మెసేజ్‌గా క్యాంపుకు పంపండి. మాట వెళ్ళని చోట కూడా మెసేజ్ వెళ్ళవచ్చు. మిగతా సమయంలో స్క్రీన్ ఆపి బ్యాటరీ మిగుల్చుకోండి.

ముఖ్య గమనిక: ఆ రకం బండికి ఒమన్ లైసెన్సు లేకుండా ఎవరు చెప్పినా నడపకండి. ప్రమాదం జరిగితే కేసు నడిపిన వాడి మీదే పడుతుంది. లైసెన్సు లేకుండా నడపమని, లేదా నీళ్ళు, స్పేర్ టైరు లేని బండితో ఎడారిలోకి వెళ్ళమని ఒత్తిడి చేస్తే, మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయం సంక్షేమ విభాగానికి తెలియజేయండి.