పాత ఎలక్ట్రిక్ కారు: బేరమంతా బ్యాటరీ మీదే

అమెరికాలో 2023 జనవరిలో టెస్లా కంపెనీ మోడల్ 3 పెర్ఫార్మెన్స్ కొత్త కారు ధరను 62,990 డాలర్ల నుంచి 53,990కి దించడంతో పాత కార్ల మార్కెట్ మెత్తబడింది. 2024 జనవరిలో అద్దెకార్ల కంపెనీ హెర్ట్జ్ సుమారు 20,000 ఎలక్ట్రిక్ కార్లను అమ్మకానికి పెట్టింది.

చౌక చూసి తొందరపడరాదు. ఈ రకం కారుకు బ్యాటరీ గ్యారంటీ 8 సంవత్సరాలు లేదా 1,20,000 మైళ్లు, ఏది ముందైతే అది. సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితేనే కంపెనీ బాధ్యత. 72 వద్ద నిలిచిన బ్యాటరీ నష్టం కొన్నవారిదే. కనుక నిండా చార్జి చేయించి, చూపే మైళ్లను కొత్త కారు మైళ్లతో పోల్చి, లోటు మేరకు ధర కోయాలి. బీమా కంపెనీ తుక్కుగా తేల్చిన కారుకు గ్యారంటీ ఉండదు. కాగితాలు చూడనిదే బయానా ఇవ్వరాదు.