విండోస్ 11కు మారడమా, ఆగడమా?

జుగ్సలాయి: టాటానగర్ రైల్వేస్టేషనుకు చేరువలోని ఈ వర్తక కేంద్రం వంటి చోట్ల 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చాక ఖాతా పుస్తకాల స్థానాన్ని కంప్యూటర్లు ఆక్రమించాయి. అందుచేత 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగియడం దుకాణదారులకూ సంబంధించిన విషయమే. కంప్యూటరు ఆగిపోలేదు, బిల్లులు వస్తూనే ఉన్నాయి. అయితే ఆ తరువాత బయటపడే భద్రతా లోపాలకు మామూలుగా సవరణలు అందవు.

అసలు చిక్కు యంత్రంతోనే. విండోస్ 10 ఉన్నవారికి విండోస్ 11 ఉచితమే. కానీ దానికి టీపీఎం 2.0 భద్రతా సదుపాయం, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసరు కావాలి. మెమరీ పెంచుకోవచ్చు గాని, పాత ప్రాసెసరుకు మందు లేదు. నిబంధన తప్పించి ఎక్కించే ఉపాయాలున్నా, అటువంటి యంత్రాలకు అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్టే హెచ్చరించింది.

గడువు కొనుక్కోవడం మరో మార్గం. సంస్థలకు యంత్రానికి తొలి ఏడాది రుసుము 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు. మూడేళ్లకు 427 డాలర్లు! ఆ సొమ్ముకు సాధారణ కంప్యూటరు కొత్తదే వస్తుంది. కనుక ఈ మార్గం ఒక ఏడాదికి మించి లాభసాటి కాదు. లినక్స్ ఉచితమే గాని, చాలామంది లెక్కలు రాసుకునే ట్యాలీ విండోస్ కోసం రూపొందినది.

మారదలచినవారు ముందుగా ఖాతాల నకలును వేరే డిస్కులో భద్రపరచుకోవాలి. నెలనెలా రిటర్నులు దాఖలు చేసేవారు 11, 20 తేదీల ముంగిట ఈ పనికి పూనుకోరాదు.