తొలేళ్ల రాత్రి తప్పెటగుళ్లు

మా తగరపువలసకు రెండు చెవులున్నవి. ఒక చెవి విశాఖపట్నం వైపు, రెండోది విజయనగరం వైపు. రెండు పట్నాలకూ నడుమ, పెద్దరోడ్డు మీద, గోస్తనీ నది ఒడ్డున ఉన్నది మా ఊరు. అనంతగిరి కొండలలో బొర్రా గుహల దగ్గర పుట్టిన గోస్తని మమ్మల్ని పలకరించి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. ఏ పట్నంలో ఏ పాట పుట్టినా దాని మోత కొంత మా చెవిని పడకుండా ఉండదు.

అందులో విజయనగరం చెవికి పొగరెక్కువ. ఎక్కువంటే ఎక్కువేనండీ! 1892లో 'కన్యాశుల్కం' మొదటిసారి రంగమెక్కిన ఊరది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరది. కంటిచూపు సరిగా లేక చదువు మానవలసివచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలుతో దేశాన్ని మెప్పించి, 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. ఘంటసాలవారు వారాలు చేసుకొని చదువుకొన్నదీ, సుశీలగారు పుట్టి పెరిగి పాట నేర్చుకొన్నదీ అక్కడనే.

మా తాతగారు దాసుగారి కథ విన్న మనిషి. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన కూర్చుని చెప్పేవారు కారు; లేచి నిలబడేవారు. "కాలికి గజ్జె, చేతిలో చిడతలు, నోట పాట! మనిషొక్కడూ సభంతా తానే అయిపోయేవాడురా!" అనేవారు. అదే తాతగారు, వీథిలో తప్పెటగుళ్లు వినబడితే మాత్రం, "మోటు గోల" అని తలుపు మూయించేవారు. ఆయన పొగడ్తతోపాటు ఆ తలుపు మూయడం కూడా నాకు ఆస్తిగా వచ్చిందని చాలాకాలం నాకే తెలియలేదు.

తప్పెటగుళ్లంటే తెలియని పాఠకులకు రెండు మాటలు. ఇది మా ఉత్తరాంధ్ర ఆట. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలలో గొర్రెలు మేపుకొనే యాదవులు తరతరాలుగా ఆడుతున్నారు. గుండ్రని రేకు వాయిద్యాన్ని మెడకు తగిలించి, గుండె మీద ఆనించి కట్టుకొంటారు. కాళ్లకు గజ్జెలు. జట్టుకు పదిహేనుగురు, ఇరవైమంది. గురువు ఒక చరణం అందిస్తే తక్కినవారు అందుకొని, వాయిస్తూ, పాడుతూ, వలయంగా తిరుగుతూ ఎగురుతారు. కృష్ణలీలలు, రామాయణ కథలు, గంగమ్మ కథ — తెల్లవారేదాకా సాగుతుంది. వానలు రాని సంవత్సరం వానకోసం కూడా ఆడించేవారు.

ఇక నా నేరం సంగతి.

మా వీథివారు ఏటా వేసవిలో అమ్మవారి పండుగ చేస్తారు. పండుగకు ముందు రాత్రిని తొలేళ్లు అంటాము. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగేది దసరా వెళ్లిన మంగళవారం గదా, దాని ముందు సోమవారం కూడా తొలేళ్లే. మా వీథిలో ఆ రాత్రి ఘటాలు తిరుగుతాయి. ఆ వెనుక తప్పెటగుళ్లు. ఉద్యోగం విరమించి ఇంటిపట్టున ఉన్నాను కనుక, రెండేళ్ల క్రిందట చందాల పుస్తకం నాచేతిలో పెట్టారు. కుర్రకారు పాటల పెట్టెలు, రంగురంగుల దీపాలు కావాలన్నారు. డబ్బు చాలలేదు. ఎక్కడ తగ్గించాలా అని పుస్తకం తిప్పి, 'తప్పెటగుళ్లు — అయిదు వేలు' అన్న పంక్తి మీద గీత పెట్టేశాను. ఎవరూ కాదనలేదు. మా ఆవిడ మాత్రం, "హరికథయితే అలా కొట్టేసేవారా?" అన్నది. నేను వినబడనట్టు కళ్లజోడు తుడుచుకొన్నాను.

తొలేళ్ల సాయంకాలం జట్టు రానే వచ్చింది! రావద్దని కబురంపవలసినవాణ్ణి నేను. మొహం చెల్లక ఊరుకొన్నాను. గురువుకు డెబ్బై దాటి ఉంటాయి. భుజాన మూట దించి అరుగు మీద కూర్చున్నాడు.

"గురువుగారూ, ఈ ఏడు మీకు డబ్బు వ్రాయలేదు..." అని నీళ్లు నమిలాను.

"తెలిసింది బాబూ. కుర్రోలు సెప్పినారు. డబ్బులేటి, ఇచ్చిన ఏడు ఇచ్చినారు. మా తాత అమ్మోరికి మొక్కుకున్న ఆట ఇది. గంటసేపు సోటియ్యండి, ఆడేసి ఎల్లిపోతాం."

ఆ మాటకు నాకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. సిగ్గు వచ్చింది.

పెట్టెల పాటలు ముగిసేసరికి ఒంటిగంట. కుర్రవాళ్లు సగంమంది వెళ్లిపోయారు. కుర్చీలు మడిచేస్తున్నారు. అప్పుడు వీథి మధ్యకు వచ్చింది జట్టు. లెక్కపెట్టాను — తొమ్మండుగురు. పద్ధెనిమిదిమంది ఆడగా చూసిన వీథి అది. తక్కినవారేరి అని అడిగితే, ఒకరు హైదరాబాదులో భవనాల పనికి, ఇద్దరు చెన్నపట్నానికి, కొందరు మందుల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు పోయారన్నారు. వచ్చినవారిలో గురువు మనుమడొకడు. ఆ రాత్రి జీతం పోగొట్టుకొని వచ్చాడట.

మొదలుపెట్టారు. దగ్గరగా కూర్చుని నేను చూడడం అదే మొదలు. చేతులు రేకు మీద ఒక లెక్కలో, కాళ్లు మరొక లెక్కలో, నోరు పాటలో! హార్మోనియం లేదు, మద్దెల లేదు, మైకు లేదు. శ్రుతీ లయా మోయవలసినవి ఆ ఊపిరితిత్తులే. గురువు మోకాళ్ల మీదికి వంగి, ఆ వంగినవాడు వంగినట్టే గుండ్రంగా తిరిగి, చరణం చివరి మాట తప్పకుండా అందించాడు. ఆ వయసులో నేను మంచం దిగడానికి గోడ పట్టుకొంటాను. ఒకడు నెత్తిన చెంబు, చెంబు మీద దీపం పెట్టుకొని వాయిస్తూ తిరిగాడు. దీపం మాత్రం కదలలేదు.

నాకు తాతగారి మాటలు చెవిలో మోగాయి. కాలికి గజ్జె, చేతిలో తాళం, నోట పాట అని ఆయన లేచి నిలబడి చెప్పినది ఇదే గదా! శాస్త్రం వేరు కావచ్చును, సాహిత్యం వేరు కావచ్చును. కాని చెమట వేరు కాదు. మరి ఒకదానికి లేచి నిలబడి, మరొకదానికి తలుపు మూయడమెందుకు?

మూడో పాటకు వలయం పలచబడినట్టయింది. తొమ్మండుగురితో వీథి నిండలేదు. ఎదురు చరణం అందుకొనే వరుసలో ఒక మనిషి తక్కువై, పాట అక్కడికి రాగానే కుంటుతున్నది. అప్పుడు అరుగు మీదనుంచి ఒక పెద్దాయన లేచాడు. చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసినవాడు. 2009లో మిల్లు మూతపడ్డ తరవాత ఆయన నలుగురిలో గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. మూటలోని గజ్జెలు తీసి కట్టుకొన్నాడు, రేకు తగిలించుకొన్నాడు, పదోవాడుగా నిలబడ్డాడు. చిన్నతనంలో ఆడేవాడట. ఇరవై ఏళ్లుగా వీథిలో ఎదురుపడుతున్నాము, నేను అడగనూ లేదు, ఆయన చెప్పనూ లేదు!

ఆయన నాలుగు చుట్లు ఆడి, దగ్గు వచ్చి కూలబడ్డాడు. మనుమడు నీళ్లిచ్చాడు. నీళ్లు తాగి మళ్లీ లేచాడు. ఎనభై దాటిన మా మేనత్త, కునుకుతున్నదనుకొన్న మనిషి, "అక్కడ గంగమ్మ మాట ముందొస్తుంది, గొర్రెల మాట తరవాత" అని పాట దిద్దింది. గురువు దండం పెట్టి అలాగే పాడాడు. పడుకొన్న పిల్లల్ని తల్లులు లేపుకొని తెచ్చారు. తెల్లవారుజామున నాలుగు గంటలదాకా ఎవరూ కదలలేదు.

వెళ్లేటప్పుడు అడిగాను: "మీ మనుమడు నేర్చుకొంటున్నాడా?"

"నేరుస్తున్నాడు బాబూ. పాట వొచ్చేసింది. కాలే తిరగదు. కూకుని పన్జేసిన కాలూ, గొర్రెలెనక తిరిగిన కాలూ ఒకటౌతాదా? ఇంకో రెండేళ్లు పడతాది. అందాక నానుండాల."

అయిదు వేలు అప్పటికప్పుడు నా జేబులోంచి ఇస్తే సగమే తీసుకొన్నాడు. "మొక్కు ఆటకి నిండా పుచ్చుకోకూడదు" అన్నాడు.

నిరుడు పుస్తకం నా దగ్గరనే ఉంచమన్నారు. కొత్త పుటలో మొదటి పంక్తి తప్పెటగుళ్లకు వ్రాసి, మిగిలినదానిలో పెట్టెలకూ దీపాలకూ సర్దాను. కుర్రవాళ్లు గొణిగారు కాని ఒప్పుకొన్నారు. ఆటను రాత్రి తొమ్మిది గంటలకు మార్చాము, పిల్లలు మేలుకొని ఉంటారని. మా ఆవిడ పుస్తకం తిరగేసి, "పాత పుటలో గీత అలాగే ఉంచారేమండీ?" అన్నది.

"ఉండనీ" అన్నాను.

ఈ ఏటి పండుగ దగ్గరపడ్డది. మొన్న మంగళవారం గురువుగారు ఫోను చేశారు. "బాబూ, ఈసారి పదకొండుగురం వొస్తన్నాం. పన్నెండో జత గజ్జెలు కూడా తెస్తన్నాను. మిల్లు బాబుకి ముందే సెప్పి ఉంచండి, రెండురోజులు సుట్ట మానమనండి!"

చెప్పి వచ్చాను. ఆయన ఏమీ అనలేదు. నోట్లోని చుట్ట తీసి పారేశాడు.